వెబ్ సిరీస్‌లలో గే, లెస్బియన్, ట్రాన్స్ పాత్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓటీటీలు వచ్చాక గే, లెస్బియన్, బైసెక్సువల్ (ఆడా మగా ఇద్దరిమీదా ఆకర్షణ కలిగేవాళ్ళు), ట్రాన్స్ (పుట్టినప్పుడు రాసిన జెండర్ తమది కాదనుకునేవాళ్ళు) మనుషుల కథలు మన ఇళ్ళలో హాల్లో ఉన్న టీవీ దాకా వచ్చేశాయి. కొందరికి సంతోషం, కొందరికి ఇబ్బంది, చాలామందికి ప్రశ్నలు. స్నేహితులూ చుట్టాలూ పదేపదే అడిగేవాటికి నా అభిప్రాయం దాచుకోకుండా జవాబులు రాశాను. ఎక్కువగా మన దేశపు సిరీస్‌ల గురించే. కొన్నిచోట్ల కథలోని మలుపులు చెప్పక తప్పలేదు, ఇంకా చూడనివాళ్ళు గమనించండి.

ఉన్నట్టుండి ఇన్ని పాత్రలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

మనుషులు ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్ళ కథ తీయడానికి ఉన్న భయం తగ్గింది, అంతే. భారత శిక్షాస్మృతిలోని సెక్షన్ 377 ప్రకారం స్వలింగ సంబంధం నేరంగా ఉండేది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ సెక్షన్ పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించదని చెబితే, 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరికి 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది నేరం కాదని తేల్చింది. అంతకుముందు గే హీరోతో కథ తీసుకెళ్తే, చట్టం ప్రకారం నేరస్తుడైన మనిషిని మంచివాడిగా చూపిస్తున్నామన్న సంకోచం నిర్మాతకు ఉండేది.

రెండో కారణం ఓటీటీయే. సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఈ వారం టీఆర్పీ ఎంతన్న బెంగ లేదు. పైగా సిరీస్ అంటే ఏడెనిమిది గంటల కథ. రెండున్నర గంటల సినిమాలో గే పాత్ర ఒక జోక్‌గానో ఒక కన్నీటి సీన్‌గానో మిగిలిపోతుంది. ఎనిమిది గంటల్లో ఆ మనిషికి ఉద్యోగం, అప్పులు, అన్నదమ్ములతో గొడవలు, పాత తప్పులు అన్నీ ఇవ్వొచ్చు. నా దృష్టిలో పెద్ద తేడా తెచ్చింది ఈ నిడివే.

అంతకుముందు టీవీలో అసలు లేవా?

ఉన్నాయి. కలర్స్ ఛానల్లో 2016 నుంచి 2021 దాకా నడిచిన ‘శక్తి’ సీరియల్లో కోడలు సౌమ్య ఒక కిన్నర్ (ఉత్తరాదిలో హిజ్రాలను అలా పిలుస్తారు). రుబీనా దిలైక్ ఆ పాత్ర వేసింది. రోజూ రాత్రి అత్తగార్లూ ఆడపడుచులూ కూర్చుని చూసే సీరియల్‌లో అలాంటి పాత్ర నాయిక కావడం చిన్న విషయం కాదు. సీరియల్ పద్ధతిలోనే మలుపుల మీద మలుపులు పెట్టి సాగదీశారు, నిజమే. అయినా నగరాల ఓటీటీ ప్రేక్షకులు దాన్ని తీసిపారేయడం నాకు నచ్చదు.

ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటారు?

‘మేడ్ ఇన్ హెవెన్’. జోయా అఖ్తర్, రీమా కాగ్తీ సృష్టించిన సిరీస్. మొదటి సీజన్ 2019 మార్చిలో, రెండోది 2023 ఆగస్టులో ప్రైమ్ వీడియోలో వచ్చాయి. ఢిల్లీలో పెద్దింటి పెళ్ళిళ్ళు చేయించే కంపెనీ నడిపే ఇద్దరిలో ఒకడు కరణ్. అతను గే. దేశం మొత్తానికీ పెళ్ళిళ్ళు చేసిపెట్టే మనిషి, తను ప్రేమించినవాణ్ణి పెళ్ళాడలేడు. ఈ ఏర్పాటులోనే కథంతా ఉంది, ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు.

మొదటి సీజన్‌లో కరణ్ ఇంటి ఓనరే అతని పడకగదిలోకి రహస్యంగా కెమెరా పెడతాడు. విషయం పోలీసుల దాకా వెళ్తుంది, కరణ్‌ను 377 కింద లోపలేస్తారు, లాకప్‌లో హింసిస్తారు. తర్వాత మనకు తెలిసేదేమిటంటే, ఆ ఓనరు కూడా జీవితమంతా తనను తాను దాచుకుంటూ బతికినవాడే. వినయ్ పాఠక్ ఆ పాత్ర వేశాడు. అతన్ని రాక్షసుడిగా చూపించి వదిలేయడం సులువు. రచయితలు అలా చేయలేదు. భార్యాబిడ్డల మధ్య కూర్చుని లోలోపల కుంగిపోతున్న ఒక నడివయసు గృహస్థుణ్ణి చూపించారు. అలాంటివాళ్ళు మన కాలనీల్లో ఎందరున్నారో ఎవరికీ తెలియదు.

కరణ్ కూడా మచ్చలేని మనిషి కాదు. స్కూల్లో తనను ప్రేమించిన నవాబ్‌ను, తన గుట్టు బయటపడకుండా ఉండాలని, తోటి పిల్లలతో కలిసి అవమానించాడు. ఏళ్ళ తర్వాత వెళ్ళి క్షమించమని అడుగుతాడు. గే పాత్రను దేవుణ్ణి చేయకుండా, పాపం అనిపించకుండా, తప్పు చేసి ఒప్పుకునే మామూలు మనిషిగా రాయడం నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది. అర్జున్ మాథుర్ నటన అంత నిబ్బరంగా ఉంటుంది కాబట్టే 2020లో టీవీ అవార్డయిన ఇంటర్నేషనల్ ఎమ్మీకి ఉత్తమ నటుడి విభాగంలో నామినేట్ అయ్యాడు.

ట్రాన్స్ పాత్రలను ట్రాన్స్ నటులే వేయాలా?

నా జవాబు: ఇప్పటికైతే, అవును. నటుడన్నవాడు ఏ పాత్రైనా వేయగలగాలి కదా అంటారు. సూత్రంగా ఒప్పుకుంటాను. కానీ ట్రాన్స్ నటులకు ట్రాన్స్ పాత్రే దక్కనప్పుడు, వేరే పాత్ర ఎవరిస్తారు? ఆ తలుపు ముందు రెండువైపులా తెరుచుకోవాలి.

ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి. ‘సేక్రెడ్ గేమ్స్’లో ట్రాన్స్ మహిళ కుకూ పాత్రను ట్రాన్స్ కాని నటి కుబ్రా సేత్ చేసింది. 2018 జులైలో, సుప్రీంకోర్టు తీర్పుకు రెండు నెలల ముందు వచ్చింది. బాగా చేసింది కూడా. కానీ ఆ పాత్రకు సంబంధించిన రహస్యాన్ని ప్రేక్షకుణ్ణి అదరగొట్టే మలుపుగా, శరీరాన్ని చూపించి మరీ వాడుకున్నారు. 2020లో వచ్చిన ‘పాతాళ్ లోక్’లో చీనీ పాత్ర మణిపూర్‌కు చెందిన ట్రాన్స్ నటి మైరెంబం రొనాల్డో సింగ్ వేసింది. అక్కడా గుట్టు పోలీస్ స్టేషన్లోనే బయటపడుతుంది, ఆమెను మగవాళ్ళతో పాటు పెడతారు. కానీ ఆ సన్నివేశంలో మనం చూసేది శరీరాన్ని కాదు, భయాన్ని. ఆ భయం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి అక్కడ నిలబడింది.

‘మేడ్ ఇన్ హెవెన్’ రెండో సీజన్‌లో మెహెర్‌గా త్రినేత్ర హల్దార్ గుమ్మరాజు వచ్చింది. ఆమె ట్రాన్స్ మహిళ, డాక్టరు. మెహెర్ ఆఫీసుకొస్తుంది, పని చేస్తుంది, డేటింగ్ యాప్‌లో మనుషుల్ని కలుస్తుంది, నిరాశపడుతుంది. ఆమె ట్రాన్స్ అన్నది కథలో ఉంది, కానీ కథ మొత్తం అదే కాదు.

మరి ‘తాళీ’లో సుస్మితా సేన్?

చిక్కు ఇక్కడే. 2023 ఆగస్టులో జియో సినిమాలో వచ్చిన ‘తాళీ’ శ్రీగౌరీ సావంత్ జీవితకథ. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో జెండర్‌గా గుర్తించిన 2014 ఏప్రిల్ నాటి సుప్రీంకోర్టు తీర్పు వెనక పోరాడినవాళ్ళలో ఆమె ఒకరు. సుస్మితా సేన్ పేరు లేకపోతే ఆ సిరీస్‌కు అంత ప్రచారం, అంతమంది ప్రేక్షకులు దొరికేవారా అంటే, కష్టమే. సుస్మిత మనసు పెట్టి చేసింది. అయినా ఒక ట్రాన్స్ మహిళ గెలిచిన కథలో ఆ గెలుపును నటించే అవకాశం ట్రాన్స్ నటికి దక్కకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. రెండూ నిజమే, ఒకటి ఇంకోదాన్ని చెరిపేయదు.

ఇవన్నీ డబ్బున్నవాళ్ళ, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ కథలే కదా?

చాలావరకు, అవును. ఈ విమర్శ చేసేవాళ్ళతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ‘ఫోర్ మోర్ షాట్స్ ప్లీజ్’లో బానీ జే వేసిన ఉమంగ్ లూధియానా నుంచి ముంబై వచ్చిన బైసెక్సువల్ అమ్మాయి. ప్రేమించేది ఒక సినిమా తారను. ఆ మెరుపుల మధ్య గదికి అద్దె ఎవరు కడుతున్నారన్న ప్రశ్నే రాదు. నిజ జీవితంలో ఇల్లు వదిలేసి వచ్చిన అమ్మాయికి మొట్టమొదటి సమస్య అదే.

దీనికి ఎదురుగా నిలబడేది నీరజ్ ఘేవాన్ తీసిన ‘గీలీ పుచ్చీ’. అది సిరీస్ కాదు, ‘అజీబ్ దాస్తాన్స్’ అనే నాలుగు కథల సంకలనంలో ఒకటి, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసే దళిత మహిళ భారతి, ఆఫీసు ఉద్యోగం కోసం ఎదురుచూస్తుంటుంది. ఆ ఉద్యోగం పైకులపు ప్రియకు దక్కుతుంది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం కలుగుతుంది. అయితే ఆ ఇష్టం కులాన్ని దాటదు. ప్రియ ఇంట్లో భారతికి టీ ఏ కప్పులో ఇస్తారన్నదే మిగతాదంతా చెప్పేస్తుంది. కొంకణా సేన్ శర్మ కళ్ళతోనే నటించింది. ప్రేమ అన్ని గోడల్నీ కూల్చేస్తుందని చెప్పే కథలు మనకు బోలెడు. కూల్చని గోడ గురించి ఇంత నిజాయతీగా చెప్పిన కథ నేను ఇంకొకటి చూడలేదు.

‘మోడర్న్ లవ్ ముంబై’లో హన్సల్ మెహతా తీసిన ‘బాయీ’ కూడా ఈ వరసలో చెప్పుకోవాలి. ప్రతీక్ గాంధీ వేసిన మంజూ ముస్లిం యువకుడు, గే. ఇంట్లోవాళ్ళంతా కలిసి ‘నానమ్మకు మాత్రం చెప్పకు’ అంటారు. అల్లరిమూకను గుమ్మంలో ఎదిరించిన ఆ పెద్దావిడ (తనూజ) ఈ చిన్న నిజాన్ని తట్టుకోలేదని వాళ్ళెలా అనుకున్నారో!

ఈ పాత్రలు చివర్లో ఎందుకు చచ్చిపోతుంటాయి?

ఇది మన ఒక్కరి రోగం కాదు. 2016 మార్చిలో ‘ది హండ్రెడ్’ అనే అమెరికన్ సిరీస్‌లో లెక్సా అనే లెస్బియన్ నాయకురాలు, ప్రేమించిన అమ్మాయికి దగ్గరైన కాసేపటికే తూటాకు బలైంది. అభిమానులు ఊరుకోలేదు. దశాబ్దాలుగా జరుగుతున్నది ఇదేనని ఎలుగెత్తారు. పాతరోజుల్లో అలాంటి పాత్ర సుఖంగా ఉన్నట్టు చూపిస్తే ఒప్పుకోరని రచయితలు చంపేసేవారు. తర్వాత అది ఆలోచించకుండా చేసే అలవాటైపోయింది.

మన దగ్గర 2025 జనవరిలో వచ్చిన ‘పాతాళ్ లోక్’ రెండో సీజన్ చూసినప్పుడు నాకు మళ్ళీ అదే గుచ్చుకుంది. ఐపీఎస్ అధికారి ఇమ్రాన్ అన్సారీ గే అని తెలిసే సన్నివేశం, కథానాయకుడైన పోలీసు, పాతకాలపు మనిషి హాథీరామ్ తడబడుతూనే అతణ్ణి దగ్గరికి తీసుకునే తీరు అద్భుతం. కానీ ఆ అన్సారీని కథ బతకనివ్వలేదు. చావు కథకు అవసరమే కావచ్చు. నా బాధ ఒకటే: ముస్లిం, ఐపీఎస్, గే అయిన ఒక మనిషి రిటైరయ్యేదాకా ఎలా బతుకుతాడో చూపించే అరుదైన అవకాశం చేజారింది.

దీనికి విరుగుడు కావాలంటే 2023లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ మొదటి సీజన్ మూడో ఎపిసోడ్ చూడండి. అందులోనూ బిల్, ఫ్రాంక్ చనిపోతారు. కానీ ఏళ్ళకేళ్ళు కలిసి కాపురం చేసి, తోట పెంచుకుని, పోట్లాడుకుని, ముసలివాళ్ళై పోతారు. చావు ఉండకూడదని ఎవరూ అనడం లేదు. దానికి ముందు బతుకు ఉండాలి.

బలవంతంగా ఇరికిస్తున్నారు, ఇదంతా ప్రచారం అంటారు. నిజమేనా?

కొన్నిచోట్ల ఇరికించినట్టే ఉంటుంది. ఒక సీన్లో వచ్చి, తను గే అని చెప్పి, హీరోయిన్‌కు బట్టలు ఎంపిక చేసిపెట్టి మాయమైపోయే స్నేహితుడి పాత్రలు కొల్లలు. అది చెడ్డ రచన, నాకూ చిరాకే. అయితే చెడ్డగా రాసిన హీరోలు కూడా వందల్లో ఉన్నారు, హీరోల్ని ఇరికిస్తున్నారని ఎవరూ అనరు కదా. పాత్ర బాగోకపోతే బాగాలేదని చెప్పండి. ఉండటమే తప్పన్నట్టు మాట్లాడకండి.

విదేశాల్లో ఇలాంటి పాత్రలు పెరుగుతున్నాయా?

పెరిగి, తగ్గాయి. అమెరికాలో గ్లాడ్ అనే సంస్థ ఏటా టీవీ, స్ట్రీమింగ్ సిరీస్‌లలోని ఎల్‌జీబీటీక్యూ (గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్ తదితర) పాత్రల్ని లెక్కపెడుతుంది. 2022–23లో 596 ఉంటే, మరుసటి ఏడాది 468కి పడిపోయాయి. ఆ తర్వాత 489. సిరీస్‌లు రద్దు కావడం, అవి ఒకే సీజన్‌తో ఆగిపోవడం పెద్ద కారణం. లెక్కలు అవసరమే, కానీ ‘పోజ్’ లాంటి ఒక్క సిరీస్ వంద లెక్కలతో సమానం. 1980ల చివర న్యూయార్క్‌లో ఇళ్ళ నుంచి గెంటేసిన నల్లజాతి, లాటినో ట్రాన్స్ మహిళలు, గే యువకులు తమకు తామే కుటుంబాలు కట్టుకున్న కథ. ప్రధాన పాత్రల్లో అయిదుగురు ట్రాన్స్ నటీమణులు. అందులో ‘మదర్’ అని పిలుచుకునే పెద్దదిక్కు చుట్టూ అల్లుకున్న ఇళ్ళను చూస్తే, హైదరాబాద్‌లో గురువూ చేలాలూ (శిష్యులూ) కలిసి బతికే హిజ్రా ఇళ్ళు తప్పకుండా గుర్తొస్తాయి.

పిల్లలు చూస్తే అలా అయిపోతారా?

అవ్వరు. ఇన్నేళ్ళూ ఆడామగా ప్రేమకథలే చూసి పెరిగినా గే పిల్లలు గేలుగానే ఉన్నారు. టీవీకే ఆ శక్తి ఉంటే వాళ్ళు మారిపోయి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది.

ఏ వయసుకు ఏది అన్నది వేరే ప్రశ్న, అది సరైన ప్రశ్న. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు ప్రతిదానికీ వయసు గుర్తు వెయ్యాలి. ‘మేడ్ ఇన్ హెవెన్’, ‘పాతాళ్ లోక్’ పెద్దవాళ్ళవే. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలున్న ఇంట్లో ‘హార్ట్‌స్టాపర్’ చూడొచ్చు. ఇంగ్లండ్‌లో స్కూలు పిల్లలు నిక్, చార్లీల ప్రేమకథ, 2022లో మొదలైంది. చేతులు పట్టుకోవడమే అందులో పెద్ద సంఘటన. తర్వాతి సీజన్లలో చార్లీ తిండి మానేయడం, తనను తాను గాయపరుచుకోవడం వంటివి వస్తాయి, కాబట్టి పిల్లలు ఒంటరిగా కాకుండా మీరు పక్కన ఉండి చూడటం మంచిది.

అమ్మానాన్నలతో కలిసి చూడాలనుంది. ఏది పెట్టాలి?

వాళ్ళకు చెప్పాల్సింది మీ మనసులో ఏదైనా ఉంటే, సిరీస్ మీ తరఫున ఆ మాట చెప్పేస్తుందని మాత్రం ఆశించకండి. అది మాట మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతవరకే. ‘బాయీ’ చిన్నది, ఇబ్బందిపెట్టే దృశ్యాలు తక్కువ, నానమ్మ పాత్ర వాళ్ళకు నచ్చుతుంది. ఇంగ్లీషు ఇబ్బంది లేకపోతే ‘షిట్స్ క్రీక్’. డేవిడ్, పాట్రిక్‌ల ప్రేమను ఊళ్ళో ఒక్కరూ తప్పుపట్టని కథ అది. వివక్ష అన్నదే లేని ఊరిని చూపించాలని డేనియల్ లెవీ కావాలనే అలా రాశాడు. 2020లో తొమ్మిది ఎమ్మీలు గెలిచింది.

ఫలానా నటుడు నిజంగా గేనా?

దయచేసి వెతకొద్దు. ‘హార్ట్‌స్టాపర్’లో నిక్ వేసిన కిట్ కానర్‌ను, ఆ పాత్రకు అతను తగినవాడేనా అంటూ జనం వెంటపడ్డారు. 2022 అక్టోబరులో, పద్దెనిమిదేళ్ళ వయసులో, తను బైసెక్సువల్ అని చెప్పుకోక తప్పలేదు. బలవంతంగా చెప్పించారని అతనే బాధపడ్డాడు. ట్రాన్స్ నటులకు అవకాశాలివ్వమని అడగడం వేరు, ఒక కుర్రాడి సొంత విషయాన్ని లాగడం వేరు.

తెలుగులో ఏమున్నాయి?

గుండెమీద చెయ్యేసుకుని చెబితే, చాలా తక్కువ. సినిమాల్లో 2018 నాటి ‘అ!’లో నిత్యా మేనన్, ఈషా రెబ్బా జంటను గౌరవంగా చూపించారు. సిరీస్‌ల విషయానికొస్తే, కరణ్ లాగానో మెహెర్ లాగానో సీజన్ పొడవునా నిలబడే పాత్ర పేరు చెప్పమంటే నాకు నోట మాట రాదు.

టీవీలో మాత్రం వేరే కథ జరిగింది. తెలుగు బిగ్ బాస్‌లోకి 2019లో మూడో సీజన్‌కు తమన్నా సింహాద్రి, 2021లో అయిదో సీజన్‌కు ప్రియాంకా సింగ్ వెళ్ళారు. ఇద్దరూ ట్రాన్స్ మహిళలే. ప్రియాంక అంతకుముందు జబర్దస్త్‌లో లేడీ గెటప్పులు వేసింది. మగవాడు చీర కట్టుకుంటే నవ్వే స్టేజీ మీంచి, తన పేరుతో తను అన్నం వండుకుంటూ, అలుగుతూ, ఆడుతూ వారాల తరబడి జనానికి కనబడే ఇంట్లోకి వెళ్ళింది. రియాలిటీ షోల మీద ఎవరికెన్ని అభ్యంతరాలున్నా, మన ఊళ్ళలో ఎంతోమంది ఒక ట్రాన్స్ మహిళ మామూలు మాటలు విన్నది అప్పుడే.

లేడీ గెటప్పు మనకు కొత్తేమీ కాదు. సత్యభామ వేషంలో స్థానం నరసింహారావుకూ, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మకూ మనం నీరాజనాలు పట్టాం. వేషం వేయడం, ట్రాన్స్‌గా బతకడం ఒకటి కాదు, నిజమే. కానీ మగ ఒంటిమీద ఆడ నడకను కళగా చూడగలిగిన ప్రేక్షకులకు వెకిలి నవ్వు ఒక్కటే ఇచ్చి సరిపెడుతున్నారు. అది మన ప్రేక్షకుల్ని తక్కువ అంచనా వేయడం.

ఇంకొకటి తప్పక చెప్పాలి. 2017లో రచన ముద్రబోయిన, ఆమె స్నేహితులు ‘ట్రాన్స్‌విజన్’ అనే యూట్యూబ్ ఛానల్ పెట్టి తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో తమ జీవితాల గురించి తామే మాట్లాడారు. పెద్ద సంస్థలు చేయని పనిని కొద్దిమంది చేసి చూపించారు.

తెలుగులో రాయాలనుంది. ఏ కథ రాయొచ్చు?

ముంబై ఫ్లాట్లను కాపీ కొట్టక్కర్లేదు. నిజాం కాలంలో, 1919లో చేసిన ఒక చట్టం ప్రకారం హిజ్రాలు పోలీసుల దగ్గర పేర్లు నమోదు చేయించుకోవాలి. ఆడబట్టలతో వీధిలో ఆడిపాడితే వారంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. వందేళ్ళు దాటిన ఆ చట్టం కింద హైదరాబాద్‌లో బతికిన మూడు తరాల గురువులూ చేలాలూ, అదొక సిరీస్. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. 2024 డిసెంబరులో నగర ట్రాఫిక్ విధుల్లోకి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్ని తీసుకున్నారు. నిన్నటిదాకా సిగ్నల్ దగ్గర చెయ్యి చాచినచోటే ఈరోజు యూనిఫాంలో నిలబడి వాహనాలు ఆపుతున్న మనిషి మొదటి నెల, అదింకొక సిరీస్. గుంటూరులో ఒకే వాటాలో పాతికేళ్ళుగా అద్దెకుంటున్న ఇద్దరు టీచరమ్మలు, ఒకరికి జబ్బు చేసి ఆసుపత్రిలో చేరితే ‘మీరేమవుతారు?’ అని నర్సు రెండోవారిని అడిగే సన్నివేశం ఊహించండి. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వడానికి ఒప్పుకోలేదు కాబట్టి, ఆ ప్రశ్నకు ఆమె దగ్గర చూపించడానికి ఒక్క కాగితం ఉండదు.

షూటింగుకు వారం ముందు పిలిచి ‘డైలాగులు సరిచూడండి’ అనడం కాదు. కథ అనుకునే రోజునుంచే గే, లెస్బియన్, ట్రాన్స్ రచయితల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళకు డబ్బివ్వండి, టైటిల్స్‌లో పేరు వెయ్యండి.